వర్డ్‌లో ఫ్లో చార్టులు గీసేవాళ్లు ఈ కాన్వాస్ వాడి చూడండి

మిర్యాలగూడ చుట్టుపక్కల మిల్లులకు బ్యాంకు లోన్ రిపోర్టులు తయారుచేసే ఆఫీసులో నా పని. వడ్ల లారీ దిగిన దగ్గర్నుంచి బియ్యం బస్తా కుట్టేదాకా ఒక ఫ్లో చార్టు ప్రతి రిపోర్టులో పెడతాం. డబ్బా ఎలా గీయాలి, బాణం ఎలా పెట్టాలి అన్నది అందరికీ తెలిసిందే. ఏళ్ల తరబడి వాడాక నాకు గట్టిగా చెప్పాలనిపించేది ఒక్కటే, షేప్స్ మెనూలో అట్టడుగున ఉండే ‘న్యూ డ్రాయింగ్ కాన్వాస్’, అంటే డబ్బాలు, బాణాలు అన్నీ ఒకే చట్రంలో గీసుకునే చోటు.

అందులో గీస్తే బాణం డబ్బాకు అతుక్కుంటుంది. అంచు దగ్గరికి తేగానే చుక్కలు కనపడతాయి, చుక్క మీద వదిలితే చాలు. ఇది ఎంత సుఖమో బాయిల్డ్ రైస్ మిల్లు చార్టు గీసినవాళ్లకు తెలుస్తుంది, ఎందుకంటే ఆ పని సీదాగా కిందికి పోదు. ఆవిరి పట్టిన వడ్లు డ్రైయర్‌లో తేమ తగ్గకపోతే మళ్లీ డ్రైయర్‌కే పోతాయి, షెల్లర్‌లో పొట్టు ఊడని గింజల్ని సెపరేటర్ తిరిగి షెల్లర్‌కే పంపుతుంది, ఊక బాయిలర్‌లో మండితే పుట్టిన ఆవిరి మళ్లీ పైకొస్తుంది. వర్డ్‌లోనే ఉండే స్మార్ట్‌ఆర్ట్‌లో రెడీమేడ్ బొమ్మలు అందంగానే ఉంటాయి కానీ ఇలా వెనక్కి తిరిగే బాణాలు వాటితో కుదరవు.

ఒకసారి సాయంత్రానికి ఫైలు బ్యాంకులో ఇవ్వాలి, మధ్యాహ్నం సేటు ఫోన్ చేసి, ‘తమ్మీ, డ్రైయర్‌కు షెల్లర్‌కు నడుమ టెంపరింగ్ బిన్ పెడుతున్నం, చార్టుల ఎక్కియ్యి’ అన్నారు. టెంపరింగ్ బిన్ అంటే ఎండిన వడ్లలో తేమ సమంగా సర్దుకునేదాకా నిలవ ఉంచే తొట్టి. పేజీ మీద విడిగా గీసిన పాత చార్టు అయితే షెల్లర్ నుంచి కిందున్నవన్నీ జరపాలి, ఒక్కో బాణాన్నీ మళ్లీ సరిచేయాలి, టెన్షన్‌తో చచ్చేవాణ్ని. ఇది కాన్వాస్‌లో ఉంది. దాని కింది అంచు లాగి, షెల్లర్ నుంచి చివరి డబ్బా దాకా పట్టుకుని కిందికి జరిపాను. బాణాలన్నీ వాటంతటవే సాగాయి, బాయిలర్ నుంచి పైకొచ్చే మెలిక బాణం కూడా తన దారి తనే మార్చుకుంది. అది ఒక డబ్బా మీదుగా పోతుంటే మధ్యలో ఉన్న పసుపు చుక్క పట్టుకుని పక్కకు లాగాను. కొత్త డబ్బాకు ఒక బాణం చివర మార్చి, ఇంకో బాణం పెడితే పని అయిపోయింది. నిజంగా ఎంత సంతోషమేసిందో.

పైన పేరాలు పెరిగినా చార్టు చెదరదు, కాన్వాస్ మొత్తం ఒకే అక్షరంలా కిందికి జరుగుతుంది. అయితే అలా ఒకే ముక్కగా ఉండటమే ఇబ్బంది కూడా, రెండు పేజీల మీదికి సాగదు. బాయిలర్, నీటి శుద్ధి అన్నీ కలిపితే డబ్బాలు చిన్నవి చేయక తప్పదు, చిన్నవైతే తెలుగుకు కష్టం. ‘వడ్లు’ అని రాస్తే కింది ఒత్తు తెగిపోతుంది. డబ్బా లోపలి మార్జిన్లు సున్నా చేసి, లైన్ స్పేసింగ్ ‘ఎగ్జాక్ట్‌లీ’ ఉంటే ‘సింగిల్’కు మార్చాకే సరిగ్గా కనపడింది. అలాగే ఈ ఫైలును వేరే యాప్‌లో తెరిస్తే బాణాలు ఎక్కడివక్కడ ఉంటాయని నమ్మకం లేదు, ఫోన్లో చూసే సేట్లకు నేను పీడీఎఫ్ మాత్రమే పంపుతాను.

నాకైతే రిపోర్టు అంతా వర్డ్‌లోనే ఉంటుంది, చార్టు ఒక పేజీ దాటదు, కాబట్టి ఇదే వాడతాను. పెద్ద ప్లాంటు లేఅవుట్లు గీసేవాళ్లయితే విడిగా డయాగ్రమ్ సాఫ్ట్‌వేర్ చూసుకోవడం మేలు.