టెక్సాస్, న్యూజెర్సీ, కాలిఫోర్నియా: ఇంటి వాయిదాలు తప్పితే ఏ రాష్ట్ర చట్టం మేలు?

అమెరికాలో ఇల్లు కొనే తెలుగువాళ్లు వడ్డీ శాతం, బడుల రేటింగు, ఆస్తి పన్ను, హెచ్‌ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) రుసుము అన్నీ పట్టిక వేసి పోల్చుకుంటారు గానీ, ఉద్యోగం పోయి వాయిదాలు ఆగిపోతే అప్పిచ్చినవారు ఆ ఇంటిని ఏ పద్ధతిలో, ఎంత కాలంలో వేలం వేయగలరన్నది ఆ పట్టికలోకి సాధారణంగా రాదు. దీన్ని నిర్ణయించేది ప్రధానంగా రాష్ట్ర చట్టం. టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఒకరు, న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఒకరు, కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఒకరు ఒకే సంస్థ నుంచి ఒకే మొత్తం అప్పు తీసుకుని, ఒకే నెలలో వాయిదా తప్పినా, ముగ్గురికీ మూడు రకాల గతి పడుతుంది.

ముగ్గురికీ సమానమైన నియమం ఒకటుంది. 2014 జనవరి నుంచి అమల్లో ఉన్న అమెరికా కేంద్ర ప్రభుత్వ నిబంధన ప్రకారం, యజమాని నివసిస్తున్న ఇంటి విషయంలో బకాయి 120 రోజులు దాటేదాకా ఫోర్‌క్లోజర్ (బాకీ కింద ఇంటిని వేలం వేయించే ప్రక్రియ) కోసం తొలి నోటీసు ఇవ్వడం గానీ దావా వేయడం గానీ కుదరదు. ఆ గీత దాటాకే రాష్ట్రాల దారులు వేరవుతాయి.

టెక్సాస్‌లో మామూలు గృహరుణానికి కోర్టుతో పని లేదు. అప్పు తీసుకునేటప్పుడు సంతకం చేసిన డీడ్ ఆఫ్ ట్రస్ట్ అనే తాకట్టు పత్రంలోనే ఇంటిని అమ్మే అధికారం ట్రస్టీకి, అంటే ఆ పత్రంలో పేర్కొన్న మూడో పక్షానికి, ఇచ్చేసి ఉంటాము. బకాయి తీర్చుకోవడానికి కనీసం 20 రోజుల గడువుతో ఒక నోటీసు, ఆ తర్వాత వేలానికి కనీసం 21 రోజుల ముందు మరొక నోటీసు ఇస్తే చట్టం సంతృప్తి పడుతుంది. వేలం నెలలో మొదటి మంగళవారం ఉదయం 10 గంటల నుంచి సాయంత్రం 4 గంటల మధ్య, కౌంటీ నిర్ణయించిన చోట జరుగుతుంది. వేలం ముగిసిన తర్వాత డబ్బు కట్టి ఇల్లు విడిపించుకునే హక్కు తాకట్టు రుణంలో లేదు. కొన్నవారు ఇల్లు ఖాళీ చేయమని నోటీసిచ్చి, స్థానిక న్యాయస్థానంలో తొలగింపు దావా వేయవచ్చు. కేంద్రం ఇచ్చిన 120 రోజులు కలుపుకున్నా, వాయిదా తప్పిన ఆరు నెలల లోపే ఇల్లు చేతులు మారడానికి చట్టపరమైన అడ్డంకి లేదన్నమాట. భారత్‌లో 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద బ్యాంకులు 60 రోజుల నోటీసిచ్చి, కోర్టుకు వెళ్లకుండానే తాకట్టు ఆస్తిపై చర్య మొదలుపెట్టడం చూసినవారికి ఈ పద్ధతి మరీ కొత్తగా అనిపించదు. ఇంటి విలువలో సొంత వాటాపై తీసుకునే హోమ్ ఈక్విటీ రుణానికి మాత్రం టెక్సాస్ రాజ్యాంగమే రక్షణ కల్పించింది: అక్కడ కోర్టు ఉత్తర్వు తప్పనిసరి, పైగా అప్పిచ్చినవారు ఇంటితోనే సరిపెట్టుకోవాలి.

న్యూజెర్సీ దారి పూర్తిగా వేరు. 1995 నాటి ఫెయిర్ ఫోర్‌క్లోజర్ చట్టం ప్రకారం దావాకు కనీసం 30 రోజుల ముందు హెచ్చరిక నోటీసు ఇవ్వాలి, దావా సుపీరియర్ కోర్టు చాన్సరీ విభాగంలో వేయాలి, సమాధానం చెప్పుకోవడానికి ఇంటి యజమానికి 35 రోజులుంటాయి, మధ్యవర్తిత్వం కోరవచ్చు. తీర్పు వచ్చాకే షెరిఫ్ (కౌంటీ అధికారి) నడిపే వేలం, ఆ వేలాన్ని కూడా యజమాని కోరికపై రెండుసార్లు వాయిదా వేయవచ్చు, వేలం తర్వాత సైతం పది రోజుల్లో మొత్తం బాకీ చెల్లించి ఇల్లు దక్కించుకునే వీలుంది. 2008 సంక్షోభం తర్వాతి సంవత్సరాల్లో ఇదంతా పూర్తి కావడానికి రెండు మూడేళ్లు పట్టడం అక్కడ మామూలైపోయింది.

పైకి చూస్తే న్యూజెర్సీ యజమాని అదృష్టవంతుడే అనిపిస్తుంది. నా అభిప్రాయంలో ఇది సగమే నిజం. కోర్టు ఇచ్చేది కాలాన్ని, ఆ కాలమంతా వడ్డీ నడుస్తూనే ఉంటుంది. అప్పిచ్చిన సంస్థ తన జేబులోంచి కట్టే ఆస్తి పన్ను, బీమా, న్యాయవాది రుసుములు కూడా బాకీలో చేరతాయి. ఇంటి విలువలో సొంత వాటా ఉన్నవారికి గడిచే ప్రతి నెలా ఆ వాటాను తినేస్తుంది. అమెరికా కేంద్ర బ్యాంకు అయిన ఫెడరల్ రిజర్వ్ పరిశోధకులు 2013లో ప్రచురించిన ఒక అధ్యయనం కూడా ఇదే చెప్పింది: కోర్టు ద్వారా జరిగే ఫోర్‌క్లోజర్ ఇల్లు పోవడాన్ని ఆలస్యం చేస్తుందే గానీ, బకాయి తీర్చి నిలదొక్కుకునేవారి సంఖ్యను పెంచదు. అలాగని కోర్టు వృథా అనడానికీ లేదు. 2010లో పెద్ద సంస్థల సిబ్బంది కాగితాలు చదవకుండానే వేలకొద్దీ ప్రమాణపత్రాలపై సంతకాలు చేస్తున్న సంగతి బయటపడడానికి, ఆ కాగితాలు న్యాయమూర్తుల ముందుకు రావలసి ఉండడమే కారణం. ఆ వ్యవహారం చివరికి 2012లో వాయిదాలు వసూలు చేసే ఐదు పెద్ద సర్వీసింగ్ సంస్థలతో 49 రాష్ట్రాలు, కేంద్రం కలిసి కుదుర్చుకున్న 2,500 కోట్ల డాలర్ల ఒప్పందానికి దారితీసింది.

అప్పిచ్చేవారి వైపు నుంచి చూస్తే టెక్సాస్ చవక, న్యూజెర్సీ ఖరీదు. ఇందులో వాదనకు తావు లేదు. ఆ ఖరీదును మోసేది ఎవరన్నదే అసలు ప్రశ్న. ఫెడరల్ రిజర్వ్ ఆర్థికవేత్త ఒకరు 2006లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, ఎగవేసినవారికి అనుకూలమైన చట్టాలున్న రాష్ట్రాల్లో ఒక్కో గృహరుణం మొత్తం 3 నుంచి 7 శాతం తక్కువగా ఉంటోంది, అంటే వాయిదాలు సక్రమంగా కట్టే పొరుగువాడూ కొంత మోస్తున్నాడు. దేశమంతటా గృహరుణాలు కొనే ఫ్యానీ మే, ఫ్రెడ్డీ మ్యాక్‌లను పర్యవేక్షించే సంస్థ 2012లో న్యూజెర్సీ, న్యూయార్క్, ఫ్లోరిడా, ఇల్లినాయ్, కనెటికట్ రాష్ట్రాల్లోని కొత్త రుణాలపై 0.15 నుంచి 0.30 శాతం దాకా అదనపు రుసుము ప్రతిపాదించింది. తర్వాత దాన్ని అమలు చేయలేదు. కాబట్టి ఆ రాష్ట్రాల ఆలస్యపు ఖర్చులో కొంత టెక్సాస్‌లో అప్పు తీసుకున్నవారిపైనా పడుతోందని వాదించవచ్చు. అయితే వేగం అప్పిచ్చేవారికి ఎప్పుడూ లాభమే అనుకోవడం పొరపాటు. కోర్టు అవసరం లేని రాష్ట్రాల్లో, వాయిదా తప్పిన ఇళ్లు వేలానికి వెళ్లే అవకాశం రెట్టింపుగా ఉండిందనీ, అలా ఒకేసారి ఇళ్లు అమ్మకానికి వచ్చి ధరలు మరింత పడిపోయాయనీ 2008 సంక్షోభంపై జరిగిన మరో ప్రసిద్ధ అధ్యయనం తేల్చింది. ధరలు పడితే ఆ వీధిలోని మిగతా తాకట్లూ బలహీనపడతాయి.

నిజానికి కోర్టా, కోర్టు లేకుండానా అన్న ప్రశ్నకంటే ఇంటి యజమానికి ముఖ్యమైన ప్రశ్న మరొకటుంది: వేలంలో వచ్చిన డబ్బు బాకీకి సరిపోకపోతే ఆ లోటు ఎవరిది? టెక్సాస్‌లో అప్పిచ్చిన సంస్థ రెండేళ్లలోగా లోటు కోసం దావా వేయవచ్చు. ఇంటి న్యాయమైన మార్కెట్ విలువను లెక్కలోకి తీసుకోమని యజమాని కోర్టును కోరవచ్చు. న్యూజెర్సీలోనూ లోటు కోసం దావా వేయవచ్చు, గడువు మాత్రం మూడు నెలలే. కాలిఫోర్నియాలో, తాను ఉండడానికి ఇల్లు కొనడం కోసం తీసుకున్న అప్పుపై లోటు వసూలు చేయడమే కుదరదు. కోర్టు బయట వేలం వేసిన సంస్థ ఆ అప్పు కింద లోటు అడగడానికీ వీల్లేదు.

అందుకే మూడింటిలో నేను కాలిఫోర్నియా వైపే మొగ్గుతాను. అక్కడ కూడా సాధారణంగా ట్రస్టీయే వేలం వేస్తాడు, కానీ డిఫాల్ట్ (వాయిదా తప్పిన) నోటీసు రికార్డయిన తర్వాత మూడు నెలలు ఆగాలి, ఆపై వేలానికి మరో 20 రోజుల నోటీసు ఉండాలి. వేలానికి ఐదు పనిదినాల ముందు వరకు పాత బకాయి మాత్రమే కట్టి అప్పును మళ్లీ దారిలో పెట్టుకోవచ్చు. 2013లో అమల్లోకి వచ్చిన హోమ్‌ఓనర్ బిల్ ఆఫ్ రైట్స్ అనే చట్టం, వాయిదాల సవరణ కోసం పూర్తి దరఖాస్తు పరిశీలనలో ఉండగా మరోవైపు వేలం నడపడాన్ని నిషేధించింది. 2025 నుంచి, ఇల్లు అమ్మకానికి పెట్టినట్టు ఏజెంటుతో చేసుకున్న ఒప్పందాన్ని గడువులోగా చూపిస్తే వేలం 45 రోజులు ఆగుతుంది. అప్పిచ్చేవారికి ఏళ్ల తరబడి కోర్టు ఖర్చు తప్పుతుంది, యజమానికి మార్కెట్ ధరకు అమ్ముకునే వ్యవధి దొరుకుతుంది. లోపం లేదనలేము: ఇల్లు కొన్నాక ఇతర ఖర్చులకని తీసుకున్న రెండో తాకట్టు రుణానికి లోటు రక్షణ వర్తించకపోవచ్చు. లోటు అడగలేని రాష్ట్రాల్లో, ఇంటి విలువ అప్పుకంటే తగ్గినప్పుడు ఎగవేత ఎక్కువవుతుందనీ పరిశోధనలు చెబుతున్నాయి, దానిపై అప్పిచ్చేవారి ఫిర్యాదు న్యాయమైనదే.

హెచ్-1బి మీద ఉన్నవారికి ఈ పోలిక ఇంకో కోణంలో కనబడుతుంది. ఉద్యోగం పోతే వారికి దొరికే వెసులుబాటు గరిష్ఠంగా 60 రోజులు, కేంద్ర నిబంధన ఇచ్చే 120 రోజుల్లో సగం. వీసా గడియారం ఇంటి గడియారంకంటే ముందే ఆగుతుంది గనుక, న్యూజెర్సీ ఇచ్చే ఏళ్ల వ్యవధి దేశం వదిలి వెళ్లేవారికి అంతగా ఉపయోగపడదు. ఇంటి విలువలో సొంత వాటా ఉంటే వేలం దాకా రానివ్వకుండా అమ్మేయడమే మేలు, ఇది మూడు రాష్ట్రాల్లోనూ వర్తిస్తుంది. టెక్సాస్‌లో మరో జాగ్రత్త అవసరం. అక్కడ చివరిగా తెలిసిన చిరునామాకు సర్టిఫైడ్ పోస్టులో పంపితే చాలు, పోస్టులో వేసిన క్షణానే నోటీసు అందించినట్టు చట్టం లెక్కిస్తుంది. విజయవాడకో హైదరాబాదుకో తిరిగి వచ్చేవారు అమ్మకానికి పవర్ ఆఫ్ అటార్నీ రాసి ఇవ్వడంతో పాటు, అప్పిచ్చిన సంస్థకు కొత్త చిరునామాను రాతపూర్వకంగా తెలియజేసి, అందినట్టు రుజువు దగ్గర ఉంచుకోవాలి.