గ్రిఫిత్ అబ్జర్వేటరీ: సూర్యుడు దిగగానే బస్సెక్కేయకండి

లాస్ ఏంజిలస్‌లో సూర్యాస్తమయం ఎక్కణ్ణుంచి చూడాలని ఎవర్ని అడిగినా కొండ మీదున్న ఖగోళ పరిశీలనశాల, గ్రిఫిత్ అబ్జర్వేటరీ పేరే చెబుతారు. నేనూ అదే చెబుతాను. కాకపోతే ఒక షరతు. సూర్యుడు అలా దిగగానే మీరు కొండ దిగిపోకూడదు. ముందుసారి మమ్మల్ని తీసుకెళ్ళిన టూర్ వాళ్ళు సరిగ్గా అదే చేశారు. ఇంకా ఆకాశంలో ఎరుపు కూడా పోలేదు, డ్రైవర్ "టైమైంది, టైమైంది" అంటూ వెనకాల పడ్డాడు. అందుకే ఈసారి మా ఆయన, అత్తయ్య, నేను ఏ టూరూ లేకుండా సొంతంగా వెళ్ళాం.

కారు తీసుకెళ్ళలేదు. పైన పార్కింగ్‌కి గంటల లెక్కన కట్టాలి, సాయంత్రం పూట ఖాళీ దొరకడం కష్టం. మెట్రో బి లైన్‌లో వర్మాంట్/సన్‌సెట్ స్టేషన్ దగ్గర దిగితే, డాష్ అబ్జర్వేటరీ అనే చిన్న బస్సు కొండ మీద దాకా తీసుకెళ్తుంది. మోకాళ్ళ నొప్పులున్న అత్తయ్యకి ఇంతకన్నా సుఖం లేదు. లోపలికి ప్రవేశం ఉచితం, ప్లానిటేరియం షోకి మాత్రం టికెట్ కొనాలి. సోమవారం సెలవు. ఇది చూసుకోకుండా వెళ్ళి తాళం చూసి వచ్చేవాళ్ళు ఉంటారు.

భవనం సముద్రమట్టానికి 1,134 అడుగుల ఎత్తులో, మౌంట్ హాలీవుడ్ దక్షిణపు వాలు మీద ఉంది. అందుకే ఊరంతా ముందు పరుచుకుని కనిపిస్తుంది. పడమటి వైపు వరండాలో నేల మీద కొన్ని గీతలు పొదిగారు. ఏడాదిలో ఏ కాలంలో సూర్యుడు ఎక్కడ అస్తమిస్తాడో అవి చూపిస్తాయి. జనం వాటిని తొక్కుకుంటూ ఫోటోలకి పరిగెడుతున్నారు గానీ, అత్తయ్య మాత్రం డిసెంబర్ గీత మీద నిలబడి, "అయితే ఉత్తరాయణం ఇక్కణ్ణుంచి మొదలవుతుందన్నమాట" అంది. లోపలి బోర్డులన్నీ చదివినా నాకు అంత బాగా ఎక్కేది కాదు.

ఆ గీతలు ఊరికే అలంకారానికి పెట్టినవి కావు, ఎప్పుడు వెళ్ళాలో కూడా వాటిలోనే ఉంది. జూన్‌లో సూర్యుడు బాగా వాయవ్యానికి జరిగి, రాత్రి 8 దాటాక, కొండల వెనక దిగుతాడు. కొండ అడ్డం కాబట్టి ఫోన్‌లో చూపించిన టైం కన్నా ముందే మాయమైపోతాడు. పైగా మే, జూన్‌లలో సముద్రం మీంచి వచ్చే మబ్బు ఊరిని కప్పేస్తుంటుంది. దాన్ని అక్కడివాళ్ళు జూన్ గ్లూమ్ అంటారు. డిసెంబర్ చివర్లో అయితే నైరుతి వైపు, సముద్రం దిక్కున, 5 గంటల లోపే అస్తమిస్తాడు. వాన కురిసి వెలిసిన మర్నాడు ఇంకా మంచిది. మేం వెళ్ళింది అలాంటి రోజే. దూరంగా కాటలినా ద్వీపం కూడా కనిపించింది.

అస్తమయం గురించి పెద్దగా రాయను, అందరూ చూసిందే. అడుగున నొక్కినట్టు చదునైన సూర్యుడు, అంచు తాకిన దగ్గర్నుంచి మునిగేదాకా సుమారు 3 నిమిషాలు. చప్పట్లు కొట్టారు. వెంటనే సగం మంది పార్కింగ్ వైపు నడిచారు.

మీరు మాత్రం అప్పుడు తూర్పు వైపు వరండాకి నడవండి. డౌన్‌టౌన్ ఆకాశహర్మ్యాల వెనక, నేలకి ఆనుకుని బూడిద కలిసిన నీలం పట్టీ ఒకటి, దాని మీద గులాబీ రంగు పట్టీ ఒకటి కనిపిస్తాయి. ఆ నీలం పట్టీ భూమి నీడే. సూర్యుడు కిందికి వెళ్ళేకొద్దీ అది పైకి లేస్తుంది. ఈలోగా బిల్డింగుల కిటికీలు ఒక్కొక్కటే వెలుగుతాయి. ఆకాశం ఇంకా నీలంగానే ఉంటుంది, కింద దీపాలూ ఉంటాయి. ఫోటోకి ఆ అరగంటే బంగారం. తర్వాత దక్షిణం వైపు తిరిగితే, స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా పోయే రోడ్లు, వాటి మీద కదిలే కార్ల లైట్లు. ఎయిర్‌పోర్టుకి దిగే విమానాలు తూర్పు నుంచి ఒకదాని వెనక ఒకటి క్యూ కట్టి వస్తుంటాయి. మా ఆయన వాటిని లెక్కపెట్టడం మొదలెట్టి మమ్మల్ని మర్చిపోయాడు. పాత ఫోటోల్లో ఈ ఊరు రాత్రి పూట నారింజ రంగులో ఉంటుంది. 2009 నుంచి వీధి దీపాలను ఎల్‌ఈడీలకు మార్చుకుంటూ వచ్చారు, ఇప్పుడు తెలుపు ఎక్కువ. నాకైతే ఆ పాత రంగే నచ్చేదేమో.

గ్రిఫిత్ ఎవరని అత్తయ్య అడిగింది. గనుల వ్యాపారంలో సంపాదించి, 1896లో 3,000 ఎకరాలకు పైగా భూమిని ఊరికి రాసిచ్చిన ఆసామి అన్నాను. 1903లో భార్య మీద కాల్పులు జరిపి జైలుకి వెళ్ళాడనీ, ఆవిడ బతికింది గానీ ఒక కన్ను పోయిందనీ కూడా చెప్పాను. "మరి ఆవిడ పేరు పెట్టాల్సింది కదే" అంది. ఆయన 1919లో పోయాడు, వదిలి వెళ్ళిన డబ్బుతో అబ్జర్వేటరీ 1935లో తెరిచారు.

చీకటి బాగా పడేదాకా లోపల, భూమి తన చుట్టూ తాను తిరగడాన్ని చూపించే ఫూకో లోలకం దగ్గర కాలక్షేపం చేసి, డాబా మీద జైస్ కంపెనీ టెలిస్కోప్ క్యూలో నిలబడ్డాం. 12 అంగుళాల కటకం, ఆకాశం తేటగా ఉన్న రాత్రుల్లో ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. మా వంతుకి చంద్రుణ్ణి చూపించారు. వెలుగూ చీకటీ కలిసే గీత దగ్గర గుంతల అంచులు ఎంత పదునుగా కనిపించాయంటే, అత్తయ్య కన్ను తీయనంది. వెనకవాళ్ళు దగ్గితే గానీ జరగలేదు.

రెండు జాగ్రత్తలు. ఇక్కణ్ణుంచి కనిపించే, కొండ మీది పెద్ద హాలీవుడ్ అక్షరాలకి రాత్రి లైట్లు వెయ్యరు, ఆ ఫోటో వెలుతురుండగానే తీసుకోండి. పగలు ఎంత ఎండ కాసినా చీకటి పడితే చలిగాలి కొడుతుంది, స్వెట్టర్ తప్పనిసరి.

ఐదుకి నాలుగు మార్కులు. ఒక మార్కు తగ్గించింది పిట్టగోడ దగ్గర జనం తోపులాటకి. వారాంతం కాకుండా మంగళవారమో బుధవారమో వెళ్తే ఆ ఒక్కటీ కలుపుకోండి.