అమ్రాబాద్ పులుల యాత్ర: పులి కనిపించకపోయినా వెళ్ళదగినదే

హైదరాబాద్ నుండి శ్రీశైలం రహదారి మీదుగా అమ్రాబాద్ టైగర్ రిజర్వుకు ఒక చిన్న పర్యటనల సంస్థ నడిపే ఒకరోజు యాత్ర గురించి ఈ సమీక్ష. ప్రయాణం, భోజనం తృప్తికరంగానే ఉన్నాయి. మన్ననూరు దాటాక సఫారీ వాహనంలో మాతో ఉన్న చెంచు గైడు వివరణ మాత్రం ప్రత్యేకంగా చెప్పుకోదగినది.

మగపులి సాధారణంగా 180 నుండి 250 కిలోల వరకు, ఆడపులి 100 నుండి 160 కిలోల వరకు బరువుంటాయని చెప్పి ఊరుకోకుండా, ఆ తేడాకు కారణాన్ని ఆయన అడవినే చూపిస్తూ వివరించారు. పిల్లలను సాకడానికి చాలినంత వేట, నీరు దొరికే మేరను ఆడపులి తన హద్దుగా ఉంచుకుంటుంది. అటువంటి కొన్ని హద్దులను కలుపుకొని తిరిగే మగపులికి, పోటీకి వచ్చే మగపులులను ఎదిరించి ఆ నేలను నిలుపుకోవడానికి పెద్ద దేహం కావాలి. అది ఓడిపోతే కొత్తగా వచ్చిన మగపులి దాని పిల్లలను చంపే ప్రమాదం ఉంది కనుక, పెంపకంలో కనిపించని తండ్రి కూడా వాటికి రక్షణే. రాజస్థాన్‌లోని రణథంబోర్ అడవిలో 2011లో తల్లిని పోగొట్టుకున్న రెండు ఆడకూనలను తండ్రి పులే కాపాడిన సంగతి విన్నప్పుడు వాహనంలోని పిల్లలు ప్రశ్నల వర్షం కురిపించారు.

సుమారు రెండేళ్ళు తల్లి వెంట తిరిగిన తరువాత కూతుళ్ళు తరచుగా తల్లి హద్దు పక్కనే స్థిరపడతాయి, కొడుకులు దూరం వెళ్ళిపోతాయి. 2014 రాష్ట్ర విభజనతో ఇక్కడి పులుల రిజర్వు తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌ల మధ్య రెండుగా విడిపోయినా, అలా వెళ్ళే పులులకు కృష్ణా నదికి ఇరువైపులా ఉన్నది ఒకే నల్లమల. కుడి పక్క చారలు ఎడమ పక్క చారలతో సరిపోలవు కనుక, ఏ పులి ఏదో గుర్తించడానికి బాటకు రెండు వైపులా కెమెరాలు అమరుస్తారని కూడా అక్కడే తెలిసింది.

సంస్థ కరపత్రంలో మాత్రం ప్రతి మగపులీ 300 కిలోలు దాటుతుందన్నట్లు రాశారు. ఇంత చక్కగా చెప్పగల గైడును పెట్టుకొని ఆ అతిశయోక్తిని అచ్చువేయడం తగదు, వెంటనే సరిదిద్దాలి. వానాకాలంలో జులై నుండి సెప్టెంబరు వరకు సఫారీ ఉండదు కనుక, పిల్లలతో వెళ్ళాలనుకునేవారు శీతాకాలంలో తేదీ చూసుకొని, తెలుగులో వివరించే స్థానిక గైడే కావాలని ముందుగానే అడగడం మంచిది.