ఫ్రీ వాటర్ టెస్ట్ అంటూ గేటు దగ్గర కూర్చునేవాడితో జాగ్రత్త (షోళింగనల్లూర్, మేడవాక్కం వాళ్ళు తప్పక చదవండి)

ఒళ్ళు మండిపోతూ రాస్తున్నాను, తప్పులుంటే సర్దుకోండి. చెన్నై ఓఎంఆర్ రోడ్డు వైపు అపార్ట్‌మెంట్లలో ఉండే మన తెలుగువాళ్ళకి, ఉప్పు నీళ్ళని మెత్తబరిచే మెషిన్ అంటూ అమ్మే ఈ మనిషి తెలిసే ఉంటాడు. ఆదివారం పొద్దున్నే గేటు పక్కన బల్ల వేసుకుని, బ్యానర్ కట్టుకుని, "ఫ్రీ టెస్ట్ అక్కా, రండి" అని నెల్లూరు యాసలో పిలుస్తాడు. పేరు రాయను, కంపెనీ పేరూ రాయను. ఎవరో మీకే అర్థమవుతుంది.

మా నీళ్ళ గురించి కొత్తగా చెప్పేదేముంది. బోరు వేస్తే ఉప్పు. లారీవాడు ఏ ఊరి బోరు నుంచి తెస్తాడో వాడికే తెలియాలి. గీజర్ కాయిల్ మీద సున్నం పెచ్చులు, కుళాయి మూతికి తెల్లటి గడ్డ, కందిపప్పు ఎన్ని విజిల్స్ వచ్చినా బద్దల్లాగే ఉంటుంది. జుట్టు సంగతి అడక్కండి. "మన ఆంధ్రా కండలేరు నుంచి ఇక్కడి పూండి రిజర్వాయర్‌కి వచ్చేవి మన నీళ్ళే అక్కా, మీ వీధి దాకా రావంతే" అని జోకులేశాడు. అలా నవ్విస్తూనే ఇంట్లోకి వచ్చేశాడు.

రెండు గాజు గ్లాసులు పెట్టాడు. ఒకదాంట్లో మా కుళాయి నీళ్ళు, రెండోదాంట్లో తన సీసాలోంచి "మా మెషిన్ నీళ్ళు". కడ్డీలున్న ఒక పెట్టెని ప్లగ్‌లో పెట్టి, కడ్డీలు రెండు గ్లాసుల్లోనూ ముంచాడు. మా నీళ్ళు ముందు పసుపు పచ్చగా, తర్వాత తుప్పు రంగులోకి మారిపోయాయి. పైన నల్లటి తెట్టు కట్టింది. వాడి నీళ్ళు మాత్రం తేటగా అలాగే ఉన్నాయి. "పిల్లలకి స్నానం ఇందులోనే కదా అక్కా" అన్నాడు. మా అత్తయ్యగారు మొహం తిప్పేసుకున్నారు. 24,500 జీపే కొట్టేశాను. చీర కొనాలంటే టీ నగర్‌లో పది కొట్లు తిరుగుతాను, దీనికి మాత్రం పక్కింట్లో కూడా అడగలేదు.

ఇంతకీ వచ్చిన మెషిన్ ఏంటంటే, ట్యాంకు నుంచి దిగే పైపుకి బిగించిన రెండు అయస్కాంతం దిమ్మలు. ఉప్పు పోయక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు, మెయింటెనెన్స్ లేదు అన్నాడు. నిజమే. పని చెయ్యడం కూడా లేదు.

పప్పు ఉడకలేదు, సబ్బు నురగ రాలేదు. హార్డ్‌నెస్ (నీళ్ళ కఠినత్వం) కొలిచే కిట్ తెప్పించి చూశాను. నీళ్ళలో రంగు వేస్తే ఎర్రగా అవుతుంది, అది నీలం అయ్యేదాకా చుక్కలు లెక్కపెట్టాలి. అయస్కాంతానికి ముందు నీళ్ళకీ తర్వాత నీళ్ళకీ అవే చుక్కలు. లీటరుకి 600 మిల్లీగ్రాములు దాటింది! బీఐఎస్ (మన దేశ ప్రమాణాల సంస్థ) తాగే నీళ్ళ లెక్క ప్రకారం 200 లోపు ఉండాలి, వేరే దారి లేకపోతేనే 600 దాకా సరే అంటారు.

ఫోన్ల మీద ఫోన్లు చేస్తే ఎట్టకేలకు వచ్చాడు. వచ్చి మళ్ళీ అదే కడ్డీల ఆట మొదలుపెట్టాడు. పక్క ఫ్లాట్ మామీ వాళ్ళ మనవరాలు ప్లస్ టూ చదువుతోంది, అప్పుడు మా ఇంట్లోనే ఉంది. "అంకుల్, ఒక్క నిమిషం" అని వాడి సీసాలోని నీళ్ళు గ్లాసులో పోసి, మా పోపులపెట్టె పక్కనున్న ఉప్పు చిటికెడు వేసి, కడ్డీలు ముంచింది. నిమిషంలో మా కుళాయి నీళ్ళని మించిన తుప్పు! ఆ అమ్మాయి చెప్పేదాకా నాకు తెలియదు: ఆ కడ్డీల్లో ఒకటి ఇనుము, ఒకటి అల్యూమినియం. లవణాలున్న నీళ్ళలో కరెంటు బాగా పారుతుంది కాబట్టి ఇనుము కరిగి తుప్పై తేలుతుంది. వాడి సీసాలోవి ఆర్వో ఫిల్టర్ నీళ్ళు, వాటిలో లవణాలు చాలా తక్కువ, కరెంటు దాదాపు పారదు, తేటగా ఉండిపోతాయి. ఆ మురికి మన నీళ్ళది కాదు, వాడి కడ్డీలది.

వాడు ఏమాత్రం తొణకలేదు. ప్లగ్ పీకేశాడు, కడ్డీలు నా వంటింటి గుడ్డతోనే తుడుచుకున్నాడు. "మేడమ్, చదువుకున్నవాళ్ళు కదా, కొనేముందు గూగుల్ చేసుకోవాల్సింది" అన్నాడు. డబ్బులు వెనక్కిమ్మంటే, "వాడేశారు కదా మేడమ్, సెకండ్ హ్యాండ్ అయిపోయింది" అట. అయస్కాంతం! వాడేశానట! మా అత్తయ్యగారు తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. లిఫ్ట్ దగ్గర నిలబడి ఫోన్లో ఇంకెవరికో "వస్తున్నా అక్కా" అంటున్నాడు.

సరే, కొనాలనుకునేవాళ్ళకి నాలుగు ముక్కలు. నీళ్ళు మెత్తబడాలంటే రెజిన్ (చిన్న ప్లాస్టిక్ పూసల్లాంటిది) ఉన్న సాఫ్ట్‌నర్ కావాలి. అది కాల్షియం, మెగ్నీషియం పట్టుకుని సోడియం వదులుతుంది, అందుకే అప్పుడప్పుడు ఉప్పు పోస్తూ ఉండాలి. దానితో టీడీఎస్ (నీళ్ళలో కరిగిన మొత్తం లవణాల లెక్క) తగ్గదు, తగ్గుతుందని చెప్పేవాడిని గుమ్మం నుంచే పంపెయ్యండి. టీడీఎస్ మీటరు హార్డ్‌నెస్ చూపించదు, కొబ్బరి నీళ్ళలో ముంచినా వేలల్లో చూపిస్తుంది. నమ్మకం కుదరకపోతే గిండీ కింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో నీళ్ళు పరీక్ష చేస్తారు, అక్కడ ఇవ్వండి.

కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టాను. నా దగ్గర ఉన్నది "ఎస్టిమేట్" అని రాసిన చీటీ, జీపే స్క్రీన్‌షాట్, అంతే. మీలో ఎవరికైనా వీడు జీఎస్‌టీ నంబరున్న బిల్లు ఇచ్చి ఉంటే దయచేసి ఫోటో పంపండి, వాడి అడ్రసు కావాలి.