పందిరి చిక్కుడు పొట్లం: గింజ మేలైనదే, పైన రాసిన మాటే నమ్మలేం

మిద్దెతోట సామగ్రి అమ్మే ఒక దుకాణంలో పందిరి చిక్కుడు విత్తనాలనూ, తీగ పాకించే నైలాన్ వలనూ కలిపి ఒకే పొట్లంగా ఇస్తున్నారు. విత్తనానికి వంక పెట్టడానికేమీ లేదు. రాత్రి నానబెట్టి అంగుళం లోతున పెట్టిన గింజలు వారం తిరగకుండానే మొలిచాయి. మొక్కలన్నీ కల్తీ లేకుండా ఒకే తీరున, ఊదారంగు కాడలతో ఎదిగాయి.

అయితే పొట్లం మీద ‘అన్ని కాలాలకూ అనువైనది’ అని అచ్చువేయడం కొనేవారిని తప్పుదారి పట్టించడమే. మన పాత పందిరి చిక్కుడు రకాలు పగటి పొద్దు తగ్గితే తప్ప పూతకు రావు. ఫిబ్రవరిలో పెట్టిన పాదు వేసవంతా ఆకు మీద ఆకు వేసి వల నిండా అల్లుకుందే గాని ఒక్క పూగుత్తి తొడగలేదు. అదే విత్తనం ఆషాఢంలో పెడితే కార్తీకానికల్లా పూత పట్టి, చిక్కుడుకాయలతో రథం కట్టి చిక్కుడాకుల్లో పరమాన్నం నివేదించే రథసప్తమి దాకా కాస్తూనే ఉంది. పొద్దుతో పనిలేకుండా కాసే రకాలు లేకపోలేదు. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ రూపొందించిన అర్క జయ్, అర్క విజయ్ అలాంటివే, కాని అవి వల అక్కర్లేని పొట్టి రకాలు.

లోపలి కాగితం తరచూ యూరియా వేయమంటోంది. వేరు బుడిపెల్లోని రైజోబియం అనే సూక్ష్మజీవి గాలిలోని నత్రజనిని అందించే పైరుకు అది దండగ. పైగా ఆకు పెరిగి కాపు తగ్గుతుంది. చివికిన పశువుల ఎరువు చాలు. చలికాలంలో లేత కొసలను నల్లగా కమ్మేసే పేనుబంక అనే రసం పీల్చే పురుగు గురించి మాత్రం ఆ కాగితంలో ఒక్క ముక్కా లేదు. లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బునీరు కలిపి చల్లితే అదుపులోకి వస్తుంది.

వల గళ్లు చెయ్యి దూరేటంత వెడల్పుగా ఉండడం వల్ల అవతలి కాయను ఇటునుంచే కోయవచ్చు. కాయ వెడల్పైనది, నార తక్కువ. అల్లం, పచ్చిమిర్చి ముద్దతో వండిన కూరకు భేషుగ్గా ఉంది. ముదిరితే గింజ ఒలిచి వంకాయతో కలిపి వండుకోవచ్చు.

హైబ్రిడ్ కాదు కనుక తీగ మీదే ఎండిన కాయల నుంచి మరుసటి ఏటికి విత్తనం దాచుకోవచ్చు. అప్పుడిక కావలసింది వల ఒక్కటే. ఆ దుకాణంలో దాన్ని విడిగా అమ్మరు.