వియత్నాం వీధుల్లో, పల్లెల్లో కెమెరాతో పదిహేను రోజులు

హనోయ్‌లో మొదటి తెల్లవారుజామున తీసిన ఫొటోలలో ఒక్కటి కూడా పనికిరాలేదు. రాత్రంతా ఏసీ గదిలో చల్లబడిన కెమెరాను తిన్నగా బయటి తేమగాలిలోకి తీసుకురావడంతో లెన్సు మీద ఆవిరి పట్టింది. ఎంత తుడిచినా మళ్ళీ మళ్ళీ పట్టి, దాదాపు అరగంట వరకు వదలలేదు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఉత్తర వియత్నాంలో కురిసే సన్నని తుంపరను అక్కడివారు ‘మువా ఫున్’ అంటారు. అది వానలా తడపదు, మంచులా కమ్ముకుంటుంది. ఆ రోజుల్లో గోడలు, నేల, చివరికి గదిలోని దుప్పట్లు కూడా చెమ్మగిల్లి ఉంటాయి. రెండవ రోజు నుంచి కెమెరాను సంచిలో పెట్టి జిప్పు బిగించి, బయలుదేరడానికి గంట ముందే బాల్కనీలో ఉంచడం అలవాటు చేసుకున్నాను. ఆ తరువాత ఆ తుంపరే నాకు మేలు చేసింది. ఎండ లేని ఆ బూడిదరంగు వెలుతురులో ముఖాల మీద గట్టి నీడలు పడవు. తాటాకు టోపీ కింద ఉన్న కళ్ళు కూడా స్పష్టంగా కనిపిస్తాయి.

ఈ పదిహేను రోజులలో హనోయ్, దాని చుట్టుపక్కల మూడు పల్లెలు, హోయి ఆన్, చివరగా మెకాంగ్ డెల్టాలోని కాన్ థో చూశాను. గుడులు, కొండలు, కోటలు నా పట్టికలో లేవు. పొద్దున్నే లేచి తమ పని తాము చేసుకునే మనుషులను, వాళ్ళ పనికి అడ్డం రాకుండా, ఫొటో తీయగలిగే చోట్లు ఎక్కడున్నాయన్నదే నా వెతుకులాట. ప్రతి ఊరినీ, ప్రతి బసనూ ఆ ఒక్క కొలతతోనే తూచాను కనుక, సెలవులు గడపడానికి వెళ్ళేవారికి నా తీర్పులు కొన్నిచోట్ల కఠినంగా అనిపించవచ్చు.

హనోయ్ పాతబస్తీని 36 వీధుల బస్తీ అంటారు. చాలా వీధుల పేర్లు ‘హాంగ్’ అన్న మాటతో మొదలవుతాయి. దానికి సరుకు అని అర్థం. హాంగ్ బాక్ వెండి వీధి, హాంగ్ థియెక్ రేకు వీధి, హాంగ్ మా పూజలకు, పితృకార్యాలకు వాడే కాగితపు వస్తువుల వీధి. కొన్ని వీధుల్లో ఇప్పుడు పేరే మిగిలింది గాని, రేకు వీధిలో మాత్రం నేటికీ కాలిబాట మీదే కూర్చుని రేకులు కత్తిరిస్తూ, సుత్తితో మడుస్తూ ఉంటారు. ఇక్కడి ఇళ్ళు వీధి వైపు మూడు నాలుగు మీటర్ల వెడల్పు మాత్రమే ఉండి, లోపలికి గొట్టంలా సాగిపోతాయి. హోటళ్ళు కూడా అలాంటి ఇళ్ళలోనే ఉన్నాయి కాబట్టి, చవకగా దొరికే గదులకు చాలావరకు కిటికీలు ఉండవు. గది మాట్లాడుకునేటప్పుడు ‘వీధి వైపు, మొదటి లేదా రెండవ అంతస్తు, బాల్కనీతో’ అని స్పష్టంగా అడగాలి. రూపాయికి సుమారు 300 డాంగ్‌ల లెక్కన నేను రాత్రికి 7 లక్షల డాంగ్‌లు, అంటే ఇంచుమించు 2,300 రూపాయలు ఇచ్చాను. హారన్ల మోత అర్ధరాత్రి వరకు తగ్గలేదు. అయినా ఆ బాల్కనీయే నాకు యాత్ర మొత్తంలో అన్నిటికంటే మంచి బస.

ఎందుకంటే ఐదు గంటలకల్లా వీధి నిద్ర లేస్తుంది. ముందు చీపురు చప్పుడు వినిపిస్తుంది, తరువాత ఎదుటి ఇంటి అరుగు మీద ఫో అనే నూడుల్స్ సూపు వండే పెద్ద కుండ నుంచి ఆవిరి లేస్తుంది, ఆ వెనుకనే కావడులు వస్తాయి. వెదురు బద్దకు రెండు వైపులా తట్టలు వేలాడదీసుకుని, నడకకు లయగా బద్ద వంగుతూ లేస్తూ ఉండగా వచ్చే ఆడవాళ్ళను చూసినప్పుడు ‘గాన్’ అన్న వాళ్ళ మాటకు నాకు తెలుగులో మాట వెతుక్కోవలసిన పని లేకపోయింది, అది మన కావడే. ఒకావిడ కావడి దించడం దగ్గరగా చూశాను. ఒక తట్టలో పొయ్యి, గిన్నె. రెండవ తట్టలో గిన్నెలు కడిగే నీళ్ళు, చెంచాలు, నాలుగు చిన్న ప్లాస్టిక్ పీటలు. రెండు నిమిషాలలో ఆ కాలిబాట మూల హోటలయింది. ఎనిమిది దాటాక తిరిగి చూస్తే అక్కడ తడి మరక తప్ప ఏమీ లేదు.

అడగకుండా ఫొటో తీయడం నాకు ఇష్టం లేదు. వియత్నామీయులు కొత్తవారిని కూడా వరస పెట్టే పిలుస్తారు. అమ్మమ్మ వయసు ఆవిడను ‘బా’ అని, మేనత్త ఈడు ఆవిడను ‘కో’ అని, అన్న వయసు వాడిని ‘అన్’ అని, అక్కను ‘చీ’ అని పిలవడమే అక్కడ మర్యాద. మన పల్లెల్లో ముక్కూ మొహం తెలియని వారిని కూడా అవ్వా, అత్తా, అన్నా అని పలకరించే అలవాటు ఉన్నవారికి ఇది ఒక్క పూటలో పట్టుబడుతుంది. ‘బా, చుప్ ఆన్ దువోక్ ఖోమ్’ (అమ్మమ్మా, ఫొటో తీసుకోవచ్చా) అన్న ఒక్క వాక్యం నా దగ్గరున్న లెన్సులన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడింది. ఫొటో అనే అర్థంలోని ‘ఆన్’ బదులు దక్షిణాదిలో ‘హిన్’ అంటారు. ఇష్టం లేనివారు నోటితో ఏమీ అనరు, చెయ్యెత్తి అరచేతిని మణికట్టు దగ్గర అటూ ఇటూ తిప్పుతారు. దాన్ని వీడ్కోలు అనుకుని నవ్వుతూ ఫొటోలు తీస్తున్న యాత్రికులను చూశాను. అది స్పష్టమైన ‘వద్దు’.

లాంగ్ బియెన్ వంతెన దగ్గరి టోకు పండ్ల బజారు రాత్రి పదకొండు తరువాత ఊపందుకుని తెల్లవారేసరికి సద్దుమణుగుతుంది. నేను మూడు గంటలకు వెళ్ళాను. బరువు బండ్లు లాగే కూలీలకు దారి ఇవ్వడమే అక్కడి మొదటి నియమం. ఒక గోడకు ఆనుకుని నిలబడి, గంటసేపు ఒకే మూల ఫొటోలు తీశాను. ఐదున్నరకు పైకెక్కితే వంతెన మీద మధ్యలో రైలు పట్టాలు, రెండు వైపులా సైకిళ్ళు, మోటారు సైకిళ్ళు. ఫ్రెంచివారు 1902లో పూర్తిచేసిన ఈ వంతెన అమెరికాతో జరిగిన యుద్ధంలో పదేపదే బాంబు దాడులకు గురైంది, తరువాత అతుకులు వేసుకుంటూ నిలబెట్టారు. ఆ అతుకుల ఇనుప చట్రాల మధ్య నుంచి కూరగాయల సైకిళ్ళు వెళ్తుంటే తీసిన ఫొటోలు నాకు అన్నిటికంటే నచ్చాయి. రైలు పట్టాల వీధిగా పేరుపడిన సందుకు ఒకసారి వెళ్ళి వెంటనే తిరిగి వచ్చాను. అక్కడ కనిపించేది ఊరి జీవితం కాదు, ఫొటోల కోసం వచ్చిన మనలాంటి వాళ్ళమే. ఆ సమయాన్ని మానవజాతి శాస్త్ర మ్యూజియంలో గడపడం ఎంతో మేలు. చేపలు పట్టే వెదురు బుట్టలను వందల కొద్దీ పుట్టగొడుగులా పేర్చి కట్టిన ఒక సైకిలు అక్కడ ఉంది, దాని ముందు నేను చాలాసేపు నిలబడిపోయాను.

పల్లెలకు హనోయ్ నుంచి కారు మాట్లాడుకుని వెళ్ళాను. రోజుకు 13 లక్షల డాంగ్‌లు తీసుకున్న డ్రైవరు ఫొటోగ్రాఫర్లకు అలవాటుపడినవాడు. నాలుగున్నరకే వచ్చి నిలబడేవాడు. కువాంగ్ ఫూ కౌ అగరువత్తుల పుల్లలకు పేరుపడ్డ ఊరు. ఎర్రరంగు అద్దిన వెదురు పుల్లల కట్టలను పువ్వుల్లా విప్పి ఎండబెట్టిన దృశ్యం అందరూ చూసే ఉంటారు. మేము వెళ్ళిన రోజు తుంపర. ఎండ లేకపోతే పుల్లలు ఆరవు, కాబట్టి నిజంగా పని చేసే ఇళ్ళ ముంగిళ్ళు ఖాళీగా ఉన్నాయి. టిక్కెట్టు పెట్టిన ప్రాంగణాలలో మాత్రం దేశపటం ఆకారంలో, జెండా ఆకారంలో కట్టలు పేర్చి, మధ్యలో కూర్చోవడానికి పీట, తల మీదికి టోపీ కూడా సిద్ధంగా ఉంచారు. దాన్ని నేను తప్పుపట్టను. పుల్లలు చీల్చితే వచ్చే కూలి కంటే టిక్కెట్ల మీద నాలుగు డబ్బులు ఎక్కువ వస్తాయంటే ఆ ఊరు ఎందుకు వదులుకోవాలి? అయితే నాకు కావలసింది పక్క సందులోని రేకుల షెడ్డులో దొరికింది. యంత్రం చీల్చి పోసిన పుల్లలను ఒక పెద్దావిడ గుప్పెడు గుప్పెడు తీసి, నేల మీద టకటక కొట్టి సమం చేసి, పొట్టివి ఏరి పక్కన పడేసి, కట్ట కట్టేది. ఆమె చేతివేళ్ళ సందుల్లో, గోళ్ళ చుట్టూ ఎర్రరంగు ఇంకిపోయి ఉంది. ఆ చేతులను మాత్రమే తీయనిచ్చింది, ముఖం వద్దంది. అంతవరకే తీశాను.

చువోంగ్ ఊరి టోపీల సంత చాంద్రమానం ప్రకారం నెలలో 4, 10, 14, 20, 24, 30 తేదీలలో జరుగుతుంది. తెల్లవారకముందే మొదలై, ఎండెక్కేసరికి అయిపోతుంది. నోన్ లా అనే ఆ తాటాకు టోపీకి లోపల వెదురుతో చేసిన 16 వలయాలు ఉంటాయి. ఎండబెట్టిన ఆకును వేడి ఇనుముతో ఒత్తి సాపుచేసి, వలయాల చట్రం మీద పరిచి, సన్నని దారంతో వలయం వెంబడి కుడతారు. కొనేవారు టోపీని ఆకాశం వైపు ఎత్తి, లోపలి నుంచి వెలుతురు ఎలా వస్తుందో చూస్తారు. ఆకు అతుకు ఎక్కడ పలచబడిందో అప్పుడు తెలిసిపోతుంది. ఆ ఎత్తి చూసే క్షణమే ఆ సంతలో తీయవలసిన ఫొటో. అక్కడ టిక్కెట్టు లేదు, ఫొటోకు నిలబడేవారు లేరు, బేరాల హడావిడిలో నన్ను పట్టించుకున్నవారూ లేరు.

రాత్రి బసకు దువోంగ్ లామ్‌ను ఎంచుకున్నాను. 938లో బాక్ దాంగ్ నది మీద చైనా సేనను ఓడించిన న్గో క్వియెన్ పుట్టిన ఊరిగా దానికి పేరు. ఎర్రని లాటరైట్ రాతి గోడలు, ఊరి ముఖద్వారం, పెరళ్ళలో సోయా పచ్చడి ఊరే జాడీలు. మేము దిగిన పాత ఇంట్లో పరుపులు గట్టివి, స్నానాల గది పెరటి చివర ఉంది, గోడలు చెమ్మగా ఉన్నాయి. హోటలు సుఖం కోరేవారు అక్కడ ఉండలేరు. కానీ యాత్రికుల బస్సులు వెళ్ళిపోయిన సాయంత్రం, మరునాడు అవి రాకముందు పొద్దున, ఆ ఊరు పూర్తిగా ఊరి వాళ్ళదే. చెరువు గట్టు మీద బట్టలు ఉతికేవాళ్ళు, బడికి వెళ్ళే పిల్లలు, గుడి ముంగిట వ్యాయామం చేసే ముసలివాళ్ళు అందరూ తిరిగి పలకరించారు. పగటిపూట మాత్రమే వచ్చి వెళ్ళేవారికి ఇవేవీ దొరకవు.

హోయి ఆన్ చేరడానికి హనోయ్ నుంచి దనాంగ్ దాకా 791 కిలోమీటర్లు రైలులో వెళ్ళాను. నాలుగు పడకల గది శుభ్రంగా ఉంది, కిటికీ అద్దం మాత్రం మురికి. పదహారు గంటలు దాటిన ఆ ప్రయాణం విశ్రాంతికి సరిపోయింది.

హోయి ఆన్ గురించి రెండు మాటలు చెప్పాలి. 1999లో యునెస్కో గుర్తింపు పొందిన ఆ పాత పట్టణం పసుపు గోడలతో, లాంతర్లతో ఎంత అందంగా ఉంటుందో, నా పనికి అంత కష్టంగా ఉంది. కావడి భుజాన వేసుకుని అరటిపండ్లతో నిలబడేవారిలో చాలామందికి పండ్లు అమ్మడం కంటే ఫొటోకు నిలబడడమే పని. ఒక ఫొటో యాత్ర నిర్వాహకుడికి డబ్బు కట్టి తెల్లవారుజామున నది మీదికి వెళ్తే, ఎనిమిది మందిమి వరుసగా నిలబడగా ఒక జాలరి ఖాళీ వలను పన్నెండు సార్లు విసిరాడు. ఆ నీళ్ళలో చేప కోసం కాదు, మా కోసం. ఇంకొంచెం ఎత్తుకు విసరమని నిర్వాహకుడు కేకలు వేస్తుంటే నేను కెమెరా దించేశాను. అది ముందే తెలిసి ఉంటే డబ్బు కట్టేవాడిని కాను, కాబట్టి అలాంటి యాత్ర తీసుకునేవారు ‘ఏర్పాటు చేసిన దృశ్యమా’ అని ముందుగా అడిగి తెలుసుకోవాలి. మరునాడు అద్దె సైకిలు మీద ఒంటరిగా త్రా క్వే వెళ్ళాను. 2024లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల జాబితాలో చేరిన ఆకుకూరల ఊరది. ఐదున్నరకు రైతులు జంట నీళ్ళ డబ్బాలను కావడి బద్దకు తగిలించుకుని, రెండు భుజాల పక్కనా ఒకేసారి నీళ్ళు చల్లుతూ మడుల మధ్య నడుస్తున్నారు. ఎనిమిదికి యాత్రికులు వచ్చాక అదే పని ప్రదర్శన అవుతుంది. అంటే చోటు ఒకటే, గంట మారితే ఫొటో మారిపోతుంది. ‘మీ సన్’ అనే చోట ఉన్న శివాలయాలు దగ్గరలోనే అయినా ఈసారి వెళ్ళలేదు.

కాన్ థోలో కాయి రాంగ్ తేలే బజారు చూడాలంటే ముందు రోజు సాయంత్రమే పడవ మాట్లాడుకుని, ఐదింటికి నీటి మీద ఉండాలి. ప్రతి పడవ ముందు నిలువుగా ఒక వెదురు గడ ఉంటుంది. ఏ సరుకు అమ్ముతారో దానిని ఆ గడకు కడతారు: గుమ్మడికాయ, అనాస, చిలగడదుంప. ఆరేసిన బట్టలు వేలాడుతున్నా అవి అమ్మకానికి కావు. కొబ్బరిజాతి ఆకు కట్టి ఉంటే పడవనే అమ్ముతున్నట్టు. రోడ్లు బాగుపడి సరుకు లారీలకు మళ్ళడంతో టోకు పడవలు తగ్గిపోతున్నాయి, యాత్రికుల పడవలే ఎక్కువ కనిపించాయి. అయినా మిగిలిన పడవల మీద కుటుంబాలు కాపురం ఉంటున్నాయి. ఒక పడవ వెనుక భాగంలో తల్లి కూతురికి జడ వేస్తుండగా, ముందు భాగంలో తండ్రి అనాసపండ్లు ఒక్కొక్కటే పైకి విసురుతున్నాడు. మా పడవ నడిపిన ఆవిడ నేను అడగకుండానే ఇంజను ఆపి, ఆ దృశ్యానికి ఎదురుగా పడవను నిలిపింది. ఆమెకు మాట్లాడుకున్న దాని మీద లక్ష డాంగ్‌లు ఎక్కువ ఇచ్చాను.

వీసా ఆన్‌లైన్‌లో 25 డాలర్లకు దొరికింది, గరిష్ఠంగా 90 రోజుల దాకా ఇస్తున్నారు. యాప్‌లో పిలిచే మోటారు సైకిలు టాక్సీలు ఊళ్ళలో నమ్మదగినవి. డ్రోనుకు ముందస్తు అనుమతి తప్పనిసరి కనుక తీసుకెళ్ళలేదు. 20 వేలు, 5 లక్షల నోట్లు రెండూ నీలి ఛాయలోనే ఉంటాయి. చీకట్లో టీ తాగి పెద్దనోటు ఇచ్చేస్తే, హనోయ్‌లో ఆ టీ అమ్మే ఆవిడ నా వెంట నడిచి వచ్చి తిరిగి ఇచ్చింది. శాకాహారులు ‘చాయ్’ అన్న మాట నేర్చుకోవాలి, అది తేనీరు కాదు, శాకాహారం. లేకపోతే కూరగాయల వంటలో కూడా చేపల సాస్ పడుతుంది. అమావాస్య దరిదాపుల్లో వచ్చే ఒకటవ తేదీన, పౌర్ణమి నాటి పదిహేనవ తేదీన చాలామంది మాంసం మానేస్తారు కనుక ఆ రెండు రోజులు శాకాహారానికి ఇబ్బంది ఉండదు.

వాళ్ళ చాంద్రమాన తేదీ మన తిథికి ఒక రోజు అటూ ఇటూగా సరిపోతుందని గమనించాక చువోంగ్ సంతకు లెక్క సులువైంది. మళ్ళీ వెళ్తే హోయి ఆన్ వదిలేసి, వాళ్ళ చాంద్రమాన కొత్త సంవత్సరమైన టెట్ పండుగకు నెల ముందు, అగరువత్తుల పని ముమ్మరంగా ఉండే జనవరిలో, దువోంగ్ లామ్‌లోనే ఎనిమిది రాత్రులు ఉండాలని అనుకుంటున్నాను. పంచాంగంలో దశమి, చతుర్దశి ఎప్పుడు పడుతున్నాయో చూసి గుర్తు పెట్టుకున్నాను.