నేర దర్యాప్తుకు ఏది మేలు: సైబర్ సెక్యూరిటీయా, డిజిటల్ ఫోరెన్సిక్సా?

ఎచ్చెర్ల నుంచీ రాజాం నుంచీ డిగ్రీ చివరి ఏడాది పిల్లలు ఈ వేసవంతా నన్ను అడిగింది ఇదొక్కటే: "సార్, కంప్యూటర్ నేరాలు పరిశోధించాలని ఉంది. ఈ రెండింటిలో ఏది చదవమంటారు?"

సైబర్ సెక్యూరిటీ చదివినవారు బ్యాంకు సర్వర్లలోకి దొంగ చొరబడకుండా కాపలా కాస్తారు. ఉద్యోగాలు అటే ఎక్కువ. ఇంటికి త్వరగా ఆసరా కావలసినవారు దాన్ని ఎంచుకుంటే నేను కాదనను. కానీ మీరు అడిగేది నేరం జరిగాక చేసే పని గురించి. దానికి నా ఓటు డిజిటల్ ఫోరెన్సిక్స్‌కే, అంటే ఫోన్లు, కంప్యూటర్లలోని ఆధారాలను చెడకుండా బయటికి తీసి పరీక్షించే విద్యకే. కారణం కోర్టు.

మా వీధిలో ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు పెట్టుబడి పేరిట మోసపోయి, ఆ కంగారులో ఫోను రీసెట్ చేసేశారు. మోసగాడి సందేశాలన్నీ పోయాయి. తలచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. స్వాధీనం చేసుకున్న కంప్యూటర్‌ను ఎవరైనా ఆత్రంగా తెరిచి చూసినా నష్టమే. ఫైళ్ల తేదీలు మారతాయి. సాక్ష్యాన్ని తప్పుపట్టడానికి ఎదుటి న్యాయవాదికి అది చాలు. అందుకే ఫోరెన్సిక్స్‌లో ముందు నేర్పేది అసలును చెక్కుచెదరనివ్వకపోవడం. డిస్కులో ఏదీ రాయనివ్వకుండా అడ్డుకునే రైట్ బ్లాకర్ అనే పరికరం తగిలించి హార్డ్ డిస్కుకు నకలు తీస్తారు. అసలుకూ నకలుకూ హ్యాష్ విలువ లెక్కిస్తారు, అది ఆ సమాచారానికి వేలిముద్ర లాంటి సంఖ్య. ఒక్క బిట్ మారినా ఆ విలువ పూర్తిగా వేరుగా వస్తుంది. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ సాక్ష్యంతో పాటు ఇచ్చే ధ్రువపత్రంలో ఆ విలువ రాయాలి, రెండో భాగం నిపుణుడు నింపాలి. పాత సాక్ష్య చట్టం 65బి సెక్షన్ కింద ఇచ్చే ధ్రువపత్రంలో నిపుణుడి భాగమే లేదు. ఇప్పుడు ఆ సంతకం పెట్టి, బోనులో నిలబడి ప్రశ్నలకు తడబడకుండా జవాబు చెప్పేవారు కావాలి.

ఒక మాట దాచకుండా చెప్పాలి. ఐటీ చట్టం 78వ సెక్షన్ ప్రకారం ఆ చట్టం కింది నేరాలను దర్యాప్తు చేసేది ఇన్‌స్పెక్టర్, ఆపై స్థాయి పోలీసు అధికారులే. ఫోరెన్సిక్స్ పట్టా ఉన్నవారు పరీక్షిస్తారు, నివేదిక ఇస్తారు, సాక్ష్యం చెబుతారు. కేసు మీ చేతిలోనే ఉండాలనుకుంటే ఎస్సై పరీక్షతో మొదలుపెట్టండి. దానికి ఏ డిగ్రీ అయినా సరిపోతుంది.

ఎం.ఎస్సీ.కి నేను మొదట చెప్పే చోటు గాంధీనగర్‌లోని జాతీయ ఫోరెన్సిక్ సైన్సెస్ విశ్వవిద్యాలయం. దూరమని తల్లిదండ్రులు జంకుతారు గాని, పూరీ–అహ్మదాబాద్ రైలు విజయనగరం మీదుగానే వెళ్తుంది. కొద్ది వారాల సర్టిఫికెట్ కోర్సులు పట్టాకు తోడుగా అయితే సరే.

ఫీజు కట్టేముందు ఒక పని చేయండి. పాత పెన్‌డ్రైవ్‌లో కొన్ని ఫొటోలు వేసి తొలగించండి. ఆటాప్సీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో వాటిని వెతకండి. ఆ వెతుకులాటలో పొద్దుపోయిందే తెలియకపోతే, దరఖాస్తు నింపండి.